వెలివేసిన ఇంటి ద్రాక్షరసం

శ్రమకాలంలో మా సంఘంవాళ్ళు లావెక్కేవారు. ఇది నింద కాదు, కళ్ళారా చూసిన సంగతి. ఈస్టరుకు ముందు వచ్చే ఆ నలభై రోజులూ క్రైస్తవులు ఒంటిని కష్టపెట్టుకుని మనసును శుభ్రం చేసుకోవాలని నియమం. మా వాళ్ళు మాంసం మానేసేవారు. ఆడవాళ్ళు తలలో పువ్వులు పెట్టుకునేవారు కాదు. పెళ్ళిళ్ళు ఆగిపోయేవి. పగలంతా పస్తుండేవాళ్ళూ కొందరుండేవారు. కాని ప్రతి సాయంత్రం ఒక్కో ఇంట్లో ప్రార్థన కూడిక జరిగేది. అది అయ్యాక ఆ ఇంటివాళ్ళు అందరికీ ఫలహారం పెట్టేవారు. నిన్నటి ఇంట్లో ఉప్మా పెడితే ఇవాళటి ఇంట్లో ఉప్మాకు తోడు బజ్జీలుండాలి. రేపటి ఇంటావిడ ఆ బజ్జీలు తింటూనే బొబ్బట్ల సంగతి ఆలోచిస్తూ ఉండేది. సగం శ్రమకాలం గడిచేసరికి పరలోకం ఎంత దగ్గరయ్యేదో నాకు తెలియదు గాని, మా పేట భాలుబాసాలో శనగపిండి మాత్రం దొరికేది కాదు.

ఇది పంతొమ్మిది వందల అరవై దాటిన తొలి సంవత్సరాల మాట. జంషెడ్‌పూరులో మా సంఘంవాళ్ళంతా శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి కార్ఖానా పనికి వచ్చినవాళ్ళూ, వాళ్ళకు ఇక్కడ పుట్టిన పిల్లలూను. పెద్దవాళ్ళు తెలుగులో తిడితే పిల్లలు హిందీలో జవాబు చెప్పేవారు. మా నాన్న కార్ఖానాలో క్రేను నడిపేవాడు. నన్ను చదువుకు కాకినాడ పంపించాడు. అక్కడ నేను చదువుకన్నా ఎక్కువగా వాదించడం నేర్చుకున్నాను. సంఘ సంస్కరణ అంటే ప్రాణం పెట్టే పెద్దలు కొందరు ప్రతివారం చర్చాసభ నడిపేవారు. వితంతు వివాహం, కులం, మూఢనమ్మకం, దేవుడు, అన్నీ వరసగా బల్ల మీదికి వచ్చేవి, వరసగా చిత్తయ్యేవి. తిరిగి వచ్చి హైస్కూల్లో లెక్కల మాస్టరునయ్యాను. పిల్లలకు భిన్నాలు నచ్చజెప్పడం కన్నా దేవుడు లేడని నిరూపించడమే నాకు తేలికగా ఉండేది. వారపత్రికలకు వ్యాసాలు రాసేవాణ్ణి. మా సంఘంలో వాటిని ఎవరూ చదివేవారు కాదు; కాని నేను రాస్తానన్న సంగతి మీద అందరికీ కోపం ఉండేది.

ఆ శ్రమకాలానికి ముందు చలికాలంలో నేను రిజిస్టరు పెళ్ళి చేసుకున్నాను. నా భార్య హిందువుల అమ్మాయి, ఇంజనీరుగారి కూతురు. వాళ్ళ నాన్నగారు మమ్మల్ని గడప తొక్కవద్దన్నారు. మా సంఘంవారికీ అలాంటి పని ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. ఇరువైపులా సమానంగా వెలిపడటంలో ఒక న్యాయం ఉందని మా ఆవిడా నేనూ నవ్వుకున్నాం.

ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు. సంఘం వేసే పెద్ద శిక్ష బల్లకు దూరం పెట్టడం. కొన్ని ఆదివారాల్లో ఆరాధన చివర రొట్టె ముక్కా, గుక్కెడు ద్రాక్షరసమూ ఇస్తారు. క్రీస్తు చనిపోయే ముందు శిష్యులతో కలిసి తిన్న భోజనానికి గుర్తు అది. దాన్నే మా వాళ్ళు బల్ల అనేవారు. బల్లకు దూరం పెట్టిన మనిషి గుడికి రావచ్చు, పాడవచ్చు. రొట్టె ముట్టకూడదు, నోరు తెరిచి ప్రార్థన చెయ్యకూడదు. ఈ శిక్ష నాకు వెయ్యడానికి వీల్లేకపోయింది. నేను పదిహేనో ఏటే ఆ రొట్టె అక్కర్లేదని మానుకున్నవాణ్ణి. మానుకున్నవాడి చేత ఎలా మాన్పిస్తారు? అందుకని పెళ్ళికి సాక్షి సంతకం పెట్టిన మా నాన్నను పట్టుకున్నారు. సంతకం పెట్టడం తప్పని సంఘం ముందు ఒప్పుకునేదాకా ఆయనకు బల్ల లేదన్నారు.

ఈ తీర్పు చెప్పింది సంఘపెద్ద. ఆయన కార్ఖానా టైమాఫీసులో హాజర్లు రాసే పని చేసేవాడు. మా నాన్నా ఆయనా కుర్రతనంలో ఒకే రైలెక్కి ఈ ఊరు వచ్చారు. చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అనుకునేవారు. తీర్పు చెప్పిన మర్నాడే ఆయన సైకిలు మీద వచ్చి మా గేటు దగ్గర ఆగాడు, దిగలేదు. నేను కిటికీ దగ్గర ఉన్నాను.

"బావా, ఒక్క ముక్కే గదా. తప్పయిపోనాదని నిలబడి అనీసి కూకో. మిగతాది నాను సూసుకుంటాను."

"ఏటి తప్పయిపోనాది?" అన్నాడు నాన్న.

"ఆ సంతకం."

"సాక్షి సంతకమంటే ఏటి? కళ్ళతో సూసినానని. సూసినాను, పెట్టినాను. సూడనేదని ఇప్పుడెలగంటాను?"

"ఈ ప్లీడరు మాటలు నీ కొడుకు నేర్పినాడా?"

"ఆడి మాటలు నాకు సగం అర్థం కావు. ఇవి నావే."

"నీ ఒక్కడి గొడవ కాదురా ఇది. నిన్ను ఒగ్గీసినామనుకో, రేపు మా ఇంట్లో కుర్రోళ్ళందరూ రిజిస్టరాఫీసుకే లగెత్తుతారు."

"లగెత్తితే నువ్వూ ఎల్లి సంతకం పెట్టు."

పెద్ద సైకిలు తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. నేను అదే విషయం మీద అప్పటికే ఒక పొడుగాటి వ్యాసం మొదలుపెట్టి ఉన్నాను. అందులో చెప్పదలచుకున్నదంతా నాన్న గేటు దగ్గర నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. ఆ కాగితాలు చింపేశాను.

నాన్నకు బల్ల ఎంత కావాలో నాకు మొదట తెలియలేదు. పోతే పోయింది, రొట్టె ముక్కేగా అనుకున్నాను. ఒక ఆదివారం గుడి నుంచి వచ్చి అమ్మతో అంటుంటే విన్నాను. "అందరూ లెగిసి రొట్టికెల్లినారే, నానొక్కణ్ణే కూకుండిపోనాను. ఆకలేసినట్టయినాది. ఇంట్లో తినెల్లినాను, మరెందుకేసినాదో." నమ్మకం మీదికి నా దగ్గర చాలా వాదాలున్నాయి. ఆకలి మీదికి ఒక్కటీ లేదు. ఈస్టరునాటికైనా ఆయనకు ఆ రొట్టె అందాలి, తప్పు చెయ్యలేదన్న మనిషి చేత తప్పు చేశాననిపించకుండానే అందాలి. ఆ శ్రమకాలమంతా మా ఇంట్లో ఉన్న సమస్య అదొక్కటే.

నాన్న కూడికలు మానలేదు. ఏ ఇంట్లో కూడికైతే ఆ ఇంటికి వెళ్ళి, చాప మీద కూర్చోకుండా గడప దగ్గర చెప్పుల పక్కన కూర్చునేవాడు. అక్కడ కూర్చోమని ఆయనకెవరూ చెప్పలేదు. అది చూసి నాకు ఒళ్ళు మండి, నేను కూడా వెళ్ళి ఆయన పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను. నిరసనగానన్నమాట. అలా ఆ ఏడాది మా సంఘంలో ఒక్క కూడిక కూడా తప్పకుండా హాజరైన మనిషిని నేనొక్కణ్ణే అయ్యాను. మహా భక్తులకు కూడా జ్వరాలొచ్చాయి, నాన్నతో సహా షిఫ్టులు మారాయి. నాస్తికుడికి మాత్రం ఏ అడ్డంకీ రాలేదు. స్కూల్లో తోటి మాస్టర్లు "ఏం మాస్టారూ, మారుమనసు పొందారటగా?" అని వేళాకోళం చేసేవారు. మా ఆవిడ అయితే నేను సాయంత్రం బయల్దేరుతుంటే "భక్తులు బయల్దేరారు" అనేది.

గడప మీద కూర్చుంటే గాని తెలియని విషయాలు కొన్ని తెలిశాయి. మా సంఘంలో ఎవరికి ఎవరిమీద కోపమున్నా ప్రార్థనలోనే తీర్చుకునేవారు. కళ్ళు మూసుకుని దేవుడితో మాట్లాడుతున్న మనిషికి అడ్డు తగలకూడదు. ఆ మనిషి ఆపేదాకా అందరూ కళ్ళు మూసుకునే ఉండాలి, ఆపగానే అందరూ ఆమెన్ అనాలి. ఇంత మంచి వేదిక కాకినాడ చర్చాసభలో కూడా లేదు. "ప్రభువా, కుళాయి దగ్గర వరస తప్పి బిందె పెట్టే సహోదరికి సహనము నేర్పుము" అని ఒకావిడ ప్రార్థిస్తే, అందరూ ఆమెన్ అంటే, ఆ వరస తప్పినావిడ కూడా ఆమెన్ అనక తప్పేది కాదు. అనేసి, తనవంతు రాగానే "ప్రభువా, పక్కవాళ్ళ బిందెలు లెక్కపెట్టే కళ్ళకు వెలుగునిమ్ము" అనేది. మళ్ళీ అందరూ ఆమెన్.

పర్సుడీహ్‌లో ఒకరింట్లో కూడికనాడు సంఘపెద్ద నాన్నను ఇలాగే పట్టుకున్నాడు. మామూలుగా మాట్లాడేటప్పుడు మా అందరి యాసే మాట్లాడేవాడు. కళ్ళు మూసుకోగానే పుస్తకంలా మాట్లాడేవాడు. "ప్రేమగల పరలోకపు తండ్రీ, కొందరు సహోదరులు నీ మందిరపు గడప మీద కూర్చుండియు, హృదయమును రాయివలె చేసికొని యున్నారు. వారి మెడలను వంచుము. వారి కుమారుల గర్వమును అణచుము." అందరూ ఆమెన్ అన్నారు. నాన్న కూడా అన్నాడు. ఆయన ఆమెన్ మిగతావాళ్ళకన్నా కొంచెం ఆలస్యంగా వచ్చింది.

నాన్న జవాబు చెప్పడానికి లేదు, ఆయన నోటికి నిషేధం. నా నోటికి ఎవరూ నిషేధం పెట్టలేదు. నేను ప్రార్థిస్తానని ఎవరికీ తట్టనే లేదు. నేను గడప మీదే లేచి నిలబడి కళ్ళు మూసుకున్నాను.

"తండ్రీ, నువ్వున్నావో లేదో నాకు తెలియదు. ఉన్నావని వీళ్ళంటున్నారు గనక వీళ్ళ మాట మీద మాట్లాడుతున్నాను. నువ్వు సర్వజ్ఞుడివని వీళ్ళే అంటారు. అలాంటప్పుడు మా నాన్న మెడ సంగతి నీకు టైమాఫీసువారు తెలియజెయ్యవలసిన అవసరమేమిటి? అబద్ధం చెప్పవద్దన్నది నువ్వే గదా. చూసినదాన్ని చూడలేదనమంటున్నది ఎవరు? ఈ రెంటిలో ఏది నీ ఆజ్ఞో తేల్చి చెప్పవలసిందిగా కోరుతున్నాను. నీకు వీలుకాకపోతే కనీసం వీరికి తర్కశాస్త్రంలో ప్రవేశం కలిగించు."

ఇంకా చాలా అన్నాను. మంచి ఊపులో ఉన్నాను. నేను ఆపగానే అలవాటు కొద్దీ అందరూ గట్టిగా ఆమెన్ అన్నారు. అన్న తరవాత కళ్ళు తెరిచి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సంఘపెద్ద భార్య, ఎవరికీ జడిసేరకం కాదు, పకోడీల పళ్ళెం పట్టుకుని నా దగ్గరకొచ్చింది. నన్ను అల్లుడూ అని పిలిచేది.

"అల్లుడు ప్రార్థన బాగానే సేత్తాడు. ఆఖర్న దేవుడే మారుమనసు పొందాలన్నట్టున్నాది గాని. ఇంద, పకోడీ తిను. గొంతెండిపోయుంటాది."

ఆ రాత్రి సంఘపెద్ద ఆమెతో ఏమన్నాడో తెలియదు. మర్నాడు మాత్రం, ఈస్టరు వెళ్ళేదాకా నాన్న విషయం మాట్లాడేది లేదని సంఘంలో చెప్పించాడు. అంతకుముందు కొంచెం మెత్తబడ్డవాళ్ళు కూడా బిగుసుకున్నారు. నేనన్న దాంట్లో ఒక్క ముక్క కూడా తప్పు లేదు. ఈనాటికీ అదే మాట అంటాను. కాని నా వాదం గెలిచింది, నాన్న రొట్టె మరింత దూరమైంది.

నాన్న కోప్పడలేదు. డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ అన్నాడు: "నాను ఏటేటా ఈ రోజుల్లో బీడీ మానెత్తాను గదా. క్రేను మీద ఒక్కణ్ణీ కూకుంటే ఎంత కట్టమో నీకు తెల్దు. సెయ్యి జేబులోకి దానంతటదే ఎల్లిపోద్ది. నువ్వూ ఒకటి మాను."

"నాకు ఏ అలవాటూ లేదు గదా నాన్నా."

"జవాబు సెప్పడం మాను."

వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు వినపడింది. "మావయ్యగారూ, ఈయన అన్నం మానమన్నా మానేవారేమో" అంది.

ఇలాంటి నియమాల మీద నాకు గౌరవం లేదు. సంవత్సరంలో కొన్నాళ్ళు మంచిగా ఉండి తక్కిన రోజులు సెలవు పుచ్చుకోవడం ఏం నీతి? ఈ మాట నాన్నతో అనబోయి ఆగాను, ఎందుకంటే అదీ జవాబే. అలా మొదలైంది. పందెం లాంటిదనుకున్నాను. ఎంత కష్టమో రెండోరోజుకే తెలిసింది. గడప మీద కూర్చుంటే లోపల ఒకరు జోస్యాల గురించి, ఒకరు సైతాను గురించి ఏదో అంటారు. నా నాలిక చివర జవాబు తయారుగా ఉంటుంది. మింగెయ్యాలి. కొన్నాళ్ళకు ఒక విచిత్రం జరిగింది. జవాబు తయారుచేసుకోవడం మానేసరికి ఎదుటివాళ్ళు చెప్పేది చివరిదాకా వినపడటం మొదలైంది. అంతకుముందు నేను సగం మాటలే వినేవాణ్ణి. తక్కిన సగం వేళలో నా బాణాలకు పదును పెట్టుకుంటూ ఉండేవాణ్ణి. గమ్హరియా వైపు చిన్న ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన ప్రతిసారీ ఒకే ప్రార్థన చేస్తాడని నవ్వుకునేవాణ్ణి. చెయ్యి నలిగిపోయిన తోటివాడికోసం చేస్తాడని, ఆ తోటివాడు బీహారీ అని, మన సంఘమే కాదని, విన్న తరవాత తెలిసింది. ఆ ప్రార్థన వల్ల చెయ్యి బాగుపడుతుందని నేను ఒప్పుకోను. కాని ఆయన దాన్ని ఒక్కపూట కూడా మరిచిపోలేదు. నేను వ్యాసాల్లో కార్మికుడు అన్న మాట ఎన్నోసార్లు రాశాను గాని, ఒక్క కార్మికుడి చెయ్యి సంగతి కూడా వరసగా అన్ని రోజులు గుర్తుపెట్టుకోలేదు. లోపల ఏదో కాస్త తేలికపడ్డట్టుండేది. దానికి మా వాళ్ళు పెట్టే పేరు వేరు. నేను పెట్టను.

ఈస్టరుకు ముందు శనివారం వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో ఎప్పుడూ ఒక పని ఉండేది. మా సంఘం సారా ముట్టదు గనక బల్ల మీదికి ద్రాక్షసారాయి తెచ్చేవారు కాదు. సాక్చి బజారులో ఎండుద్రాక్ష కొని, నీళ్ళల్లో నానబెట్టి, మెత్తగా ఉడికించి, నలిపి, గుడ్డలో వడగట్టి ఆ రసం వాడేవారు. ఎన్నో ఏళ్ళుగా ఆ పని మా అమ్మది. సాయంత్రం సంఘపెద్ద భార్య పాలకేను తీసుకుని వచ్చి పట్టుకెళ్ళేది. మర్నాడు అది బల్ల మీద తెల్లగుడ్డ కప్పుకుని ఉండేది. మా నాన్నను వెలివేసిన పెద్దలకు ఆ రసం ఎవరి పొయ్యి మీద ఉడుకుతుందో తెలియదు. దాచిన రహస్యమేమీ కాదు, వాళ్ళెవరూ ఎప్పుడూ అడగలేదు, అంతే. వంటింట్లోంచి వచ్చేవన్నీ వాటంతటవే వస్తాయని మన మగవాళ్ళ నమ్మకం. దేవుడి మీద ఉన్న నమ్మకం కన్నా అది గట్టిది, దాన్ని ఖండిస్తూ నేను కూడా అప్పటిదాకా ఏమీ రాయలేదు.

ఆ శనివారం అమ్మకు జ్వరం. మంచం దిగలేకపోయింది. మంచం మీద నుంచే చెబుతూ ఉంటే మా ఆవిడ పొయ్యి దగ్గర కూర్చుని ఉడికించింది. నేను గుడ్డ పట్టుకున్నాను, తను వడగట్టింది. సగం వడగట్టేసరికి నాకు తట్టింది. గుడ్డ జారవిడిచాను.

"చూశావా? వెలివేసిన ఇంటి పొయ్యి. హిందూ కోడలి చెయ్యి. నాస్తికుడు పట్టుకున్న గుడ్డ. రేపు సంఘమంతా తాగేది ఇదే."

"ముందు ఆ గుడ్డ సరిగ్గా పట్టుకోండి, కారిపోతోంది" అంది మా ఆవిడ.

నాకు కాళ్ళు నేలమీద ఆనలేదు. ఇంతటి వాదం జీవితంలో ఒక్కసారే దొరుకుతుంది. రేపు తెల్లారి ఆరాధనలో బల్లకు ముందు ప్రార్థన ఉంటుంది. అక్కడ లేచి నిలబడి, దేవుణ్ణి పిలిచి, ఈ ఒక్క సంగతి చెబితే చాలు. మనిషిని తోసేసి అతని గిన్నె మాత్రం ఉంచుకుంటారా? ఏ పెద్ద నోరు పెగులుతుంది?

నాన్న షిఫ్టు దిగి వచ్చాడు. నేను చెప్పడం మొదలుపెట్టగానే మొహం చూసే గ్రహించాడు.

"అననని మాటియ్యి."

"నాన్నా, ఇది జవాబు కాదు, నిజం."

"నిజమే. నీకు నోటి దురద, అందులోకి నిజం కూడా దొరికినాది. అది బేరమవుద్దిరా. మా రసం తాగినారు గాబట్టి నాకు రొట్టె పెట్టండని. బేరమాడి తెచ్చిన రొట్టె నానేటి సేసుకోను? మీ అమ్మ సేతిలో ఉన్న ఆ ఒక్క పనీ లాగేసుకుంటారు. మాను."

జేబులోకి చెయ్యి వెళ్ళిపోవడమంటే ఏమిటో నాకప్పుడు అర్థమైంది. మాటిచ్చాను.

సాయంత్రం సంఘపెద్ద భార్య కేనుతో వచ్చింది. పొయ్యి దగ్గర మా ఆవిణ్ణి చూసి ఆగిపోయింది.

"ఓలమ్మ! కోడలే మరగెట్టినాదా?"

"జొరం వదినా, లెగనేకపోనాను" అంది అమ్మ మంచం మీదనుంచి. "ఒద్దనుకుంటే పారబోసీ."

"పారబొయ్యడమేటి? కిస్మిస్ ఉత్తినే వత్తందా?" వేలు ముంచి నాకి చూసింది. మా ఆవిడ వైపు తిరిగింది. "సేతులు కడుక్కున్నావా?"

"కడుక్కున్నానండి."

"అయితే ఇంకేటి?" అని కేను నింపుకుంది. గిన్నె అడుగున కొంచెం మిగిలింది. పోతూ పోతూ గుమ్మంలో నన్ను చూసింది. "అల్లుడు మొహం సూత్తే రేపు గుళ్ళో బాంబేసేలా గున్నాడు."

"వెయ్యడమ్మా" అన్నాడు నాన్న. "మానేసినాడు."

"మానేసినాడా? అదేటి? మరి ఎవులో ఒకరు ఎయ్యాల గదా" అంటూ వెళ్ళిపోయింది. ఆ మాటను నేను పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దు పొడవకముందే నాన్నా నేనూ గుడికి వెళ్ళాం. అమ్మకు ఇంకా జ్వరం తగ్గలేదని మా ఆవిడ ఇంట్లో ఉండిపోయింది. గుడంటే రేకుల కప్పు కింద ఒక పొడుగాటి గది. అందరూ పండగ బట్టల్లో ఉన్నారు, ఆడవాళ్ళ తలల్లోకి పువ్వులు తిరిగి వచ్చేశాయి. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని చివరి బెంచీ మీద, తలుపు పక్కన కూర్చున్నాడు. ముందు తెల్లగుడ్డ కింద ఆ కేను. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ముసలాయన. పెద్దల మాటకు ఎదురు చెప్పేవారు కాదు. ప్రసంగం ముగించి, బల్లకు ముందు ఎవరైనా ఒకరు ప్రార్థన చెయ్యండని అడిగారు. నేను పళ్ళు బిగబట్టుకుని బెంచీ అంచు పట్టుకున్నాను.

లేచింది సంఘపెద్ద భార్య. అందరం కళ్ళు మూసుకున్నాం. నేను సగమే మూశాను.

"తండ్రీ, నీకు తోత్రం. నీ రసం ఈయేడు గూడా బాగా కుదిరినాది. ఏటేటా మా వదిన సేసేది. ఎవులింట్లోననుకుంతారేటి, మీరు గడప మీద కూకోబెట్టినోడి ఇంట్లోనే." సంఘపెద్ద గట్టిగా దగ్గాడు. ఆమె గొంతు ఇంకాస్త పెంచింది. "ఈసారి వదినకి జొరం. కోడలు సేసింది. ఆ హిందూ పిల్లే. నాను నా కళ్ళతో సూసినాను, రుసి సూసినాను, నాకేటీ కానేదు. తేకూడదంటే నన్ను కొట్టు తండ్రీ, మా ఆయన్ని ఏమనకు, ఆయనకి తెల్దు." మళ్ళీ దగ్గు. "దగ్గొచ్చినోళ్ళకి సొస్తత ఇయ్యి. ఆ ఇంటి రసం తాగి, ఆ ఇంటి మడిసికి పెట్టకపోతే అదేటి మర్యాద తండ్రీ? మా ఊళ్ళో అలగ సెయ్యరు. ఆయన్ని బల్లకి పిలువు. నీకు పనుంటే మా ఆయన సేత పిలిపించు. ఆమెన్."

సంఘమంతా ఆమెన్ అంది. అలవాటు. అన్నాక గాని అది దేనికన్నారో వాళ్ళకు తెలియలేదు. కళ్ళు తెరిచి అందరూ సంఘపెద్దను చూశారు. ఆయన కేనును చూశాడు. అది పారబోస్తే ఈస్టరునాడు బల్ల లేదు. ఉంచితే ఆయన తీర్పు లేదు.

అయ్యగారు గొంతు సవరించుకున్నారు. "సంఘము ఆమెన్ చెప్పినది" అన్నారు. ఆయన నోట అంత గట్టిమాట నేను మరెప్పుడూ వినలేదు. అని, తనకే భయంవేసి వెంటనే పాట ఎత్తుకున్నారు.

పాట అయిపోయింది. సంఘపెద్ద లేచి నిలబడి గోడకేసి చూస్తూ, "పండుగ దినము గనుక, ఎవరి మనస్సాక్షి ఒప్పుకొంటే వారు రావచ్చును" అన్నాడు. నాన్న కదలలేదు. ముందు వరసలు లేచి వెళ్ళాయి, రొట్టె తీసుకుని వచ్చాయి. నాన్న అలాగే కూర్చున్నాడు. నేను ఆయన మోచెయ్యి తట్టాను. ఆయన నా చెయ్యి తీసి నా ఒళ్ళోనే పెట్టాడు. కూర్చున్నచోటు నుంచే అన్నాడు:

"నా మనస్సాక్షి ఎప్పుడూ రమ్మనే అన్నాది. ఒద్దన్నది నువ్వు. నువ్వు పిలిత్తే వత్తాను."

గుళ్ళో ఎవరూ దగ్గలేదు. సంఘపెద్ద చాలాసేపు నిలబడ్డాడు. తరవాత నడవలోంచి మా బెంచీ దాకా వచ్చాడు. ఆయన మొహంలో కోపం ఉంది, అది దాచుకోలేదు కూడా. పుస్తకంలా మాట్లాడలేదు.

"మరి రా బావా. ఎంతసేపు నిలబెడతావు, కాళ్ళు లాగేత్తన్నాయి."

నాన్న లేచాడు. ఇద్దరూ ముందుకు వెళ్ళారు. నేను బెంచీ మీదే ఉన్నాను. నాన్న చేతులు చాచడం వెనకనుంచి కనపడింది. తిరిగి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. రొట్టె చాలాసేపు నమిలాడు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "ఏటయినాది?" అంది. నాన్న చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. "పిలిచినాడు" అన్నాడు. అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. మా ఆవిడ వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"రసం బాగా వచ్చిందా మావయ్యగారూ?"

"ఏటి తెలుద్దమ్మా? గుక్కెడు కూడా ఇవ్వరు, నాలికే తడవదు. మిగిలినాదేటి?"

గిన్నె అడుగున ఉన్నది మా ఆవిడ నాలుగు గ్లాసుల్లోకి వంచింది. నాన్న గటగటా తాగేసి మీసం తుడుచుకుని, బీడీ కట్టకోసం అలమర వెతకడం మొదలుపెట్టాడు. అమ్మ చప్పరిస్తూ తాగింది. మా ఆవిడ తనది తాగి, నాది నా చేతిలో పెట్టింది. పదిహేనో ఏటినుంచి ముట్టనిది. తాగాను. తియ్యగా ఉంది. ఎండుద్రాక్ష ఉడికిస్తే తియ్యగానే ఉంటుంది, అందులో మహిమేమీ లేదు. గిన్నెలో ఇంకేమైనా ఉందేమో చూడమన్నాను.